మత్తు ఇచ్చిన జంతువుకు ఆక్యుపంక్చర్ సూదులు: మత్తుమందు అవసరం నిజంగా తగ్గుతుందా?

శునకమిత్ర (కాకినాడ):

సభ్యులందరికీ నమస్కారం. మా మల్లికి 11 ఏళ్లు. ఊరకుక్కే, బరువు 14 కిలోలు. రొమ్ము దగ్గర గడ్డ పెరగడంతో ఆపరేషన్ తప్పదని మేము ఎప్పుడూ చూపించే పశువైద్యులు చెప్పారు. గుండె చప్పుడులో తేడా వినిపించిందని, ఎకో పరీక్షలో ఎడమవైపు కవాటం కొద్దిగా కారుతున్నట్టు తేలిందని, అందుచేత మత్తు విషయంలో మామూలుకంటే ఎక్కువ జాగ్రత్త కావాలని కూడా ఆయన అన్నారు. ఈలోగా మరొక ఆసుపత్రిలో పనిచేసే వైద్యురాలు ఒకరు, ఆపరేషన్ జరుగుతున్నంతసేపు సన్నని సూదులు గుచ్చి వాటిలోకి స్వల్పంగా కరెంటు పంపితే ఐసోఫ్లూరేన్ అనే మత్తు గ్యాసు తక్కువతోనే సరిపోతుందని, గుండె మీద భారం తగ్గుతుందని సలహా ఇచ్చారు. దీన్ని ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ అంటారట.

ఈ మాట మీద మా ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. చైనాలో మనుషులకే మత్తు లేకుండా సూదులతో ఆపరేషన్లు చేశారని, 1971లో ఒక అమెరికా విలేకరికి అపెండిక్స్ అలాగే తీశారని మా మామయ్యగారు అంటున్నారు. ఇదంతా మన మనసును సమాధానపరచుకోవడమే తప్ప కుక్కకు ఒరిగేదేమీ లేదని మా అబ్బాయి వాదిస్తున్నాడు. ఆక్యుపంక్చర్ వల్ల జంతువులో మత్తుమందు ప్రభావం నిజంగా మారుతుందా, మారితే ఎంత, ఆ మార్పును నమ్ముకుని గ్యాసు తగ్గించడం మల్లికి మేలా, కీడా అన్నది నాకు తెలియాలి. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయండి.

నిదానం (పశువైద్య కళాశాల, మత్తు విభాగం):

శునకమిత్ర గారూ, మీ మామయ్యగారు చెప్పిన విలేకరి పేరు జేమ్స్ రెస్టన్, పత్రిక న్యూయార్క్ టైమ్స్. 1971 జులైలో పెకింగ్‌లో ఆయనకు అపెండిక్స్ తీసిన మాట నిజమే. అయితే కోత పెట్టేముందు ఇచ్చింది మామూలు మత్తు ఇంజక్షనే. ఆపరేషన్ అయిపోయాక కడుపు ఉబ్బి బాధపడుతున్నప్పుడు మాత్రమే సూదులు గుచ్చారు. ఆయన తన పత్రికలో కూడా ఈ సంగతిని ఇలాగే రాశారు. చెప్పేవారి నోట్లో పడి అది వేరే కథగా మారింది. ఆ పొరపాటు కథ ఆధారంగా జంతువుల విషయంలో ఎవరూ నిర్ణయం తీసుకోకూడదని నా విన్నపం.

ఇక అసలు ప్రశ్న. గ్యాసు రూపంలో ఇచ్చే మత్తుమందు బలాన్ని మేము మ్యాక్ అనే కొలతతో చెప్పుకుంటాము. నొప్పి పుట్టించే పని ఏదైనా చేసినప్పుడు, పది జంతువుల్లో అయిదు కదలకుండా ఉండాలంటే వాటి ఊపిరితిత్తుల గాలిగదుల్లో మందు ఎంత శాతం ఉండాలో అదే మ్యాక్. ఐసోఫ్లూరేన్‌కు కుక్కలో ఇది సుమారు 1.3 శాతం, పిల్లిలో సుమారు 1.6 శాతం. ఏ మందు జత చేసినా, ఏ సూది గుచ్చినా ఈ అంకె ఎంత దిగిందో చూస్తే మత్తు అవసరం ఎంత తగ్గిందో తెలుస్తుంది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో కల్ప్, స్కార్డా, మ్యూర్ అనే పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగంలో, ఐసోఫ్లూరేన్ మత్తులో ఉన్న కుక్కలకు ఒకసారి వట్టి సూదులు, ఒకసారి కరెంటు కలిపిన సూదులు, మరొకసారి సూదులు లేకుండా తలకు చర్మం మీదుగా విద్యుత్ ప్రేరణ ఇచ్చి మ్యాక్ కొలిచారు. వట్టి సూదులతో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కరెంటు కలిపినప్పుడు సుమారు 10 శాతం తగ్గింది.

ఈ 10 శాతాన్ని విడిగా చూస్తే గొప్పగానే కనిపిస్తుంది. కానీ అదే మ్యూర్ బృందం 2003లో కుక్కల మీదే, అదే ఐసోఫ్లూరేన్‌తో, రక్తనాళంలోకి నిరంతరంగా ఎక్కించే మందులను పరీక్షించింది. మార్ఫిన్ మ్యాక్‌ను 48 శాతం, లిడొకైన్ 29 శాతం, కెటమిన్ 25 శాతం, మూడూ కలిపి 45 శాతం తగ్గించాయి. అంటే 1.3 అనుకున్న అంకె సూదులతో 1.17 దగ్గర ఆగుతుంది, మార్ఫిన్‌తో 0.7 దరిదాపులకు దిగుతుంది. ప్రభావం లేదని నేను అనడం లేదు. ఉన్నది చిన్నదని, ఆ చిన్న ప్రభావం కూడా కరెంటు ఉన్నప్పుడే కనిపించిందని అంటున్నాను.

సూదిమొన (పెంపుడు జంతువుల వైద్యురాలు, హైదరాబాద్):

నిదానం గారి అంకెలతో నాకు పేచీ లేదు. పేచీ అల్లా ఆ కొలబద్దతోనే. మ్యాక్ కొలిచేది జంతువు కదిలిందా లేదా అన్న ఒక్క విషయాన్నే. ఆ కదలికను ఆపడంలో పెద్ద పాత్ర మెదడుది కాదు, వెన్నుపాముది. 1993లో కాలిఫోర్నియాలో ఆంటొనీని, ష్వార్ట్జ్ మేకల రక్తప్రసరణను రెండుగా విడదీసి, ఐసోఫ్లూరేన్‌ను మెదడుకు మాత్రమే చేరేలా చేశారు. ఒళ్లంతటికీ చేరినప్పుడు 1.2 శాతంతో కదలిక ఆగిన మేకలకు, మెదడుకు మాత్రమే చేరినప్పుడు 2.9 శాతం కావలసి వచ్చింది. ఇంతగా వెన్నుపాము మీద ఆధారపడిన కొలత, ఆపరేషన్ తరువాత మెలకువ వచ్చిన కుక్క ఎంత నొప్పితో మూలుగుతుందో ఎలా చెప్పగలదు?

నేను సూదులు వాడేది ప్రధానంగా ఆ తరువాతి గంటల కోసమే. 2002లో స్కార్డా, తేజ్వానీ, మ్యూర్ గుర్రాల మీద చేసిన పనిలో, నడుము దగ్గరి బిందువుల్లో కరెంటు సూదులు పెట్టినప్పుడు చర్మానికి నొప్పి తెలియడం తగ్గడమే కాక, వెన్నుపాము ద్రవంలో ఒంట్లోనే పుట్టి నొప్పిని అణచే బీటా ఎండార్ఫిన్ పెరిగింది; గుండె, ఊపిరి స్థిరంగానే ఉన్నాయి. ఇటలీలో 2011లో గ్రొపెట్టి బృందం గర్భసంచి తీసే ఆపరేషన్ చేసిన 12 కుక్కల్లో ఎలక్ట్రో ఆక్యుపంక్చర్‌ను బ్యూటార్ఫనాల్ మందుతో పోల్చినప్పుడు కూడా ఆపరేషన్ తరువాత సూదుల పక్షాన మంచి ఫలితమే కనిపించింది. ఐసోఫ్లూరేన్ మోతాదు పెరిగేకొద్దీ రక్తనాళాలు వదులై రక్తపోటు పడిపోతుందని మనందరికీ తెలుసు. కవాటం కారుతున్న ముసలి కుక్కకు గ్యాసులో 10 శాతం తగ్గినా అది నా దృష్టిలో చిన్నది కాదు.

నిదానం:

ఆ 12 కుక్కల్లో సగం ఒకవైపు, సగం మరొకవైపు. ప్రాథమిక పరిశీలన అని ఆ పరిశోధకులే పేర్కొన్నారు. పైగా బ్యూటార్ఫనాల్ కుక్కల్లో కొద్దిసేపే పనిచేసే, ఓ మాదిరి నొప్పికి మాత్రమే సరిపోయే మందు. దాన్ని మించడం వేరు, మార్ఫిన్ జాతి మందులకు సాటిరావడం వేరు. 2006లో హబాకర్, పిట్లర్, ఎర్న్‌స్ట్ పశువైద్యంలో ఆక్యుపంక్చర్ మీద వచ్చిన నియంత్రిత ప్రయోగాలన్నీ కూడదీసి చూసి, పెంపుడు జంతువుల్లో ఏ జబ్బుకైనా దీన్ని సిఫారసు చేయడానికి గానీ, తోసిపుచ్చడానికి గానీ బలమైన ఆధారం లేదని తేల్చారు. తరువాత ప్రయోగాలు వచ్చాయి, కానీ వాటిలోనూ చాలావరకు కొద్దిపాటి జంతువులే. కొలబద్ద గురించి సూదిమొన గారు చెప్పిన మాట మాత్రం సరైనది, దాన్ని ఒప్పుకుంటున్నాను.

పాత పశువుల డాక్టరు (పదవీ విరమణ, తూర్పు గోదావరి):

నేను 34 ఏళ్లు పల్లెల్లో ఆవులు, గేదెల మధ్యే పనిచేశాను. గ్యాసు యంత్రం మా ఆసుపత్రిలో ఏనాడూ లేదు. ఆవుకు డొక్కలో కోత పెట్టి దూడను తీయాలంటే నిలబెట్టే ఉంచి, వెన్నుపక్కన లిగ్నొకైన్ (పైన చెప్పిన లిడొకైనే, ఆ చోటును మొద్దుబార్చే మందు) ఇచ్చి, యజమాని తాడు పట్టుకుంటే పని కానిచ్చేవాళ్లం. ఆస్ట్రియాలో కోత్‌బావర్ అనే పశువైద్యుడు 1970లలో ఆవులకు కరెంటు సూదులతోనే నొప్పి తెలియకుండా చేసి ఆపరేషన్లు చేశాడని చదివి, ఎంతో ఆశతో ఆ చిత్రాలను నా పుస్తకంలో గీసుకున్నాను. తీరా ఆలోచిస్తే, ఆవు స్వభావమే వేరు. నిలబెట్టి కట్టేసిన ఆవు బాధను పంటి బిగువున భరిస్తుంది. కుక్కలాగా అరవదు, గుర్రంలాగా ఎగరదు. కదలని ఆవుకు నొప్పి లేదని అనుకుంటే మనం ఆ మూగజీవికి అన్యాయం చేసినవాళ్లం అవుతాము. అందుకే నేను లిగ్నొకైన్ మానలేదు, మానమని ఎవరికీ చెప్పను.

అయితే ఒక చోట మాత్రం సూదిని నేను చాలాసార్లు వాడాను. రెండు ముక్కుపుటాల మధ్య, పై పెదవికి ఎగువన ఉండే బిందువు అది. చైనావారు రెన్‌జోంగ్ అంటారు. బెల్జియంకు చెందిన యాన్సెన్స్, ఆయనతోపాటు ఆల్ట్‌మన్, రోజర్స్ 1979లో ఒక వ్యాసం రాశారు. మత్తులో ఊపిరి ఆగిన 69 సందర్భాల్లో అక్కడ సూది గుచ్చి తిప్పితే అన్నింటిలోనూ ఊపిరి తిరిగి వచ్చిందని, గుండె కూడా ఆగిన 7 సందర్భాల్లో 3 బతికాయని అందులో ఉంది. ఆ వ్యాసం నకలు నా చేతికి వచ్చిన ఏడాదే ఒక వర్షాకాలపు రాత్రి, కోసి తీసిన గేదె దూడ ఒకటి ఊపిరి తీయకుండా వాలిపోయింది. నోట్లో జిగురు తుడిచి, గోనెపట్టాతో ఒళ్లు రుద్దుతూనే ముక్కు మీద సూది గుచ్చాను. ఎగశ్వాస తీసి దగ్గింది. ఆ రాత్రి నా సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ సంతోషంలో ఉండగానే ఆ ఇంటి పెద్దాయన నాతో అన్న మాట ఇన్నేళ్లూ నా వెంటే ఉంది. "డాక్టరుగారూ, మేము గడ్డిపరక పెడతామండీ" అన్నాడు. ఊపిరి తీయని దూడ ముక్కులో గడ్డిపరక దూర్చి తుమ్మించడం మన పల్లెల్లో తాతల నాటి పద్ధతి. సూది చేసిందీ, గడ్డిపరక చేసిందీ ఒకే పనేమో, ముక్కు చర్మంలో ఉన్న నరాన్ని ఉలిక్కిపడేలా చేయడమేనేమో అని అప్పటినుంచీ నా సందేహం. నాడుల శాస్త్రం తెలిసినవారు చెప్పాలి.

ఎలుకలశాల (నొప్పి మీద పరిశోధన, అమెరికా):

డాక్టరుగారి గడ్డిపరక మాట చదివి చాలాసేపు ఆలోచించాను. ముక్కు, పెదవి ప్రాంతపు చర్మమంతా ముఖపు స్పర్శను మెదడుకు చేర్చే ట్రైజెమినల్ నాడి అధీనంలో ఉంటుంది. అక్కడ తగిలిన తీవ్రమైన ప్రేరణ మెదడు కాండంలోని శ్వాస, రక్తపోటు కేంద్రాలను కదిలిస్తుంది. 1970లలో అమెరికాలో హాలోథేన్ గ్యాసు మత్తులో ఉన్న కుక్కలకు సరిగ్గా ఆ బిందువులోనే ప్రేరణ ఇచ్చినప్పుడు గుండె పంపే రక్తం, రక్తపోటు పెరిగినట్టు లీ, క్లిఫర్డ్ తదితరులు చూపించారు. అంటే ఈ బిందువు చేసేది మేలుకొలుపు. నడుము, కాళ్ల దగ్గరి బిందువులకు ఆపాదించేది నొప్పి తగ్గింపు. ఒకటి జంతువును మత్తులోంచి పైకి లాగుతుంది, రెండవది నొప్పిని అణచి మత్తుకు తోడు నిలుస్తుంది. రెండింటినీ ఆక్యుపంక్చర్ అనే ఒకే మాట కింద చేర్చి, అది మత్తును పెంచుతుందా తగ్గిస్తుందా అని అడిగితే వాదన ఎన్నటికీ తెగదు. ఏ చోట, ఎంత కరెంటుతో, కోతకు ఎంత ముందుగా అని అడిగినప్పుడే జవాబు దొరుకుతుంది.

నొప్పి తగ్గింపు వెనుక ఉన్న యంత్రాంగం గురించి జంతువుల నుంచే మనకు ఎక్కువ తెలిసింది. 1970లలో పెకింగ్‌లో హాన్ జిషెంగ్ బృందం, సూదులు గుచ్చిన కుందేలు మెదడు ద్రవాన్ని సూదులు గుచ్చని కుందేలుకు ఎక్కిస్తే దానికి కూడా నొప్పి తెలియడం తగ్గిందని చూపింది. ఏదో రసాయనం విడుదలవుతోందని అర్థమైంది. 1976లో పొమరాంజ్, చ్యూ ఎలుకలకు ముందుగా నలోక్సోన్ ఇచ్చి చూశారు. మార్ఫిన్‌కు విరుగుడైన ఆ మందు సూదుల ప్రభావాన్నీ అడ్డుకుంది. కాబట్టి ఒంట్లో పుట్టే మార్ఫిన్ వంటి పదార్థాలే దీనికి కారణమని తేలింది. సెకనుకు 2 సార్లు కొట్టే కరెంటుతో ఎన్‌కెఫలిన్, ఎండార్ఫిన్, 100 సార్లు కొట్టే కరెంటుతో డైనార్ఫిన్ విడుదలవుతాయని హాన్ బృందమే తరువాత వివరించింది. ఇవన్నీ నిలకడగా నిలిచిన ఫలితాలు. శునకమిత్ర గారూ, మీ అబ్బాయి అన్నట్టు కేవలం మనసు సమాధానమే అయితే, ఎలుకకు చైనా వైద్యం మీద నమ్మకం ఉండే అవకాశం లేదు గదా.

అయితే ఇందులో రెండు మెలికలున్నాయి. ఒకటి, 1979లో ఫ్రాన్స్‌లో లెబార్ బృందం ఎలుకల్లో కనిపెట్టిన సంగతి. శరీరంలో ఒక చోట గట్టిగా నొప్పి పుట్టిస్తే, మరెక్కడో ఉన్న నొప్పి సంకేతాలు వెన్నుపాములోనే అణగిపోతాయి. ఇందుకు ఫలానా బిందువే కావాలన్న నియమం లేదు. కరెంటు సూది ఫలితంలో కొంత భాగమైనా ఇలా వచ్చి ఉండవచ్చు. రెండవది ఇంకా ముఖ్యం. మత్తులో ఉన్న నాడీమండలం మెలకువలో ఉన్నదానిలా స్పందించదు. 2002లో మనుషుల మీద డెస్‌ఫ్లూరేన్ గ్యాసు మత్తులో రెండు ప్రయోగాలు వచ్చాయి. చెవి మీద పెట్టిన సూదులతో మందు అవసరం సుమారు 8.5 శాతం తగ్గింది. మత్తులోకి వెళ్లాక కాళ్లు మొదలైన చోట్ల పెట్టిన కరెంటు సూదులతో తగ్గనేలేదు. అదే ఏడాది, అదే మందు, రెండు భిన్న ఫలితాలు. ఒహాయో కుక్కల ఫలితాన్ని ఈ నేపథ్యంలో చూడాలి.

శునకమిత్ర:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. చదువుతుంటే ఒక భయం కూడా పట్టుకుంది. మల్లికి ఆపరేషన్ బల్ల మీద ఊపిరి ఆగితే, ముక్కు మీద సూదితో సరిపెట్టే ప్రమాదం ఉందా? ఆసుపత్రివారిని ముందుగా నేను ఏమేమి అడగాలి?

నిదానం:

ఊపిరి ఆగినప్పుడు మొదట గ్యాసు ఆపాలి, గొట్టం సరైన చోట ఉందో లేదో చూడాలి, ఆక్సిజన్ సంచి నొక్కి ఊపిరి ఇవ్వాలి, గుండె చూడాలి. ఈ పనులన్నీ జరుగుతుండగా ఖాళీగా ఉన్న మనిషి ఒకరు సూది గుచ్చితే నేను వద్దనను. ఈ పనులకు బదులుగా గుచ్చితే మాత్రం ఆ కుక్క ప్రాణంతో ఆడుకున్నట్టే. 1979 నాటి 69 సందర్భాల్లో సూది గుచ్చని జంతువులతో పోలిక లేదు. ప్రొపోఫాల్, థయోపెంటోన్ వంటి మత్తు ఇంజక్షన్లు ఇచ్చిన వెంటనే ఊపిరి కాసేపు ఆగి, దానంతటదే తిరిగి రావడం మేము రోజూ చూసేదే. వాటిలో ఎన్ని సూది వల్ల తేరుకున్నాయో, ఎన్ని ఎలాగూ తేరుకునేవో ఆ వ్యాసం నుంచి విడదీయలేము.

ఇక మీరు అడగవలసినవి. రక్తపోటు ఆపరేషన్ అంతటా కొలుస్తారా? గుండె తీరు తెరమీద చూసే మనిషి వేరుగా ఉంటారా? నొప్పి తగ్గించే మందు కోతకు ముందే ఇస్తారా? వేడి దుప్పటి ఉందా? మెలకువ వచ్చాక ఎన్ని గంటలు దగ్గరుండి చూస్తారు? ఈ చివరి ప్రశ్నను వదలకండి. బ్రిటన్‌లో బ్రాడ్‌బెల్ట్ బృందం 2008లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో మత్తు సంబంధిత మరణాలు కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం. ఆ కుక్కల మరణాల్లో సగానికి దగ్గరగా ఆపరేషన్ అయిపోయాకనే, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు గంటల్లోనే జరిగాయి.

మరొక్క మాట. గ్యాసు యంత్రం మీద తిప్పే చక్రంలో కనిపించే అంకె వేరు, కుక్క వదిలే ఊపిరిలో ఉండే గ్యాసు శాతం వేరు. రెండవది కొలిచే పరికరం మన దగ్గర చాలా ఆసుపత్రుల్లో ఉండదు. అది లేనిచోట సూదుల వల్ల గ్యాసు తగ్గిందని ఎవరు చెప్పినా అది అంచనాయే. కరెంటు సూదులు ఇసిజి గీతలో లేనిపోని కదలికలు కలుపుతాయి కాబట్టి, గుండె జబ్బు ఉన్న కుక్కకు నాడి చేత్తో కూడా చూస్తూ ఉండాలి.

శిబిరం డాక్టరమ్మ (వీధికుక్కల సంతాన నియంత్రణ కేంద్రం):

మా వైపు నుంచి కూడా ఒక మాట. 2001 నియమాల కాలం నుంచి, ఇప్పుడు 2023 నియమాల కింద కూడా, వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు దేశమంతటా శిబిరాల్లో జరుగుతున్నాయి. మాలాంటి చోట్ల జైలజిన్, కెటమిన్ ఇంజక్షన్లే ఆధారం. గ్యాసు యంత్రం కలలోని మాట. మందులు తగ్గించడానికి శిబిరాల్లో ఆక్యుపంక్చర్ పెట్టాలని ఆమధ్య ఒక సమావేశంలో ఎవరో ప్రతిపాదించారు. కరెంటు సూదులు పనిచేయాలంటే కోతకు 20, 30 నిమిషాల ముందే మొదలుపెట్టాలి. ఒక్కో కుక్కకు అంత సమయం, తర్ఫీదు పొందిన మనిషి ఉంటే నేను ముందుగా ఆ మనిషి చేత ప్రతి కుక్కనూ కళ్లతో అంచనా వేయకుండా తూకం వేయిస్తాను, నొప్పి తగ్గించే మెలాక్సికామ్ వేయిస్తాను, తడి నేల మీద కాకుండా గోనెపట్టా మీద పడుకోబెట్టి మెలకువ వచ్చేదాకా పక్కన కూర్చోబెడతాను. మా కుక్కలకు ఇంకా అందని మేలు ఇది. సూదుల వంతు దీని తరువాతే.

సూదిమొన:

డాక్టరమ్మ గారి మాటకు నా దగ్గర జవాబు లేదు, అది నిజం. నిదానం గారు ఊపిరి గురించి రాసిన వరుసక్రమం కూడా నేను నా ఆసుపత్రిలో పాటించేదే.

కానీ మందును తక్కువ మోతాదులో బిందువులోనే ఎక్కించే పద్ధతిని ఎవరూ ప్రస్తావించలేదు. బ్రెజిల్‌లో లూనా బృందం 2008లో 8 గుర్రాల మీద జంతువును మగతగా ఉంచే ఎసిప్రొమజిన్‌ను మామూలు మోతాదులో మెడ దగ్గర, పదో వంతు మోతాదులో తోక కింది బిందువులో ఇచ్చి పోల్చింది. పదో వంతు మోతాదుతో కూడా తేలికపాటి మత్తు కనిపించింది. పూర్తి మోతాదు ఇచ్చినంత లోతుగా లేదు, నిజమే. కానీ పరీక్ష కోసం కదలకుండా ఉంటే చాలనుకునే ముసలి జంతువుకు తేలికపాటి మత్తే కావలసింది. నేను ఏ మందునూ మాన్పించాలని అనడం లేదు. చిన్న ప్రభావమని పక్కన పెట్టేముందు, ఆ చిన్నది ఏ జంతువుకు అక్కరకు వస్తుందో చూడమంటున్నాను.

శునకమిత్ర (పదహారు రోజుల తరువాత):

మల్లి ఆపరేషన్ అయిపోయింది. ఎదురుచూస్తున్నవారికి ముందుగా చెప్పాలి, అది క్షేమంగా ఉంది. నిన్న కుట్లు విప్పారు, పెరుగన్నం గిన్నె నాకి నాకి శుభ్రం చేసింది.

మీరు చెప్పిన ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను. రక్తపోటు కొలుస్తామన్నారు, వేరే మనిషిని పెడతామన్నారు. ఊపిరిలో గ్యాసు కొలిచే పరికరం మాత్రం లేదన్నారు. నొప్పి తగ్గించే బ్యూప్రెనార్ఫిన్ ముందే ఇవ్వడానికి, కోత పొడవునా లిగ్నొకైన్ ఇవ్వడానికి ఒప్పుకున్నాక, కరెంటు సూదులకు కూడా నేను సరేనన్నాను. సూదులు ఉన్నాయన్న ధైర్యంతో గ్యాసు తగ్గించవద్దని, రక్తపోటు, కనురెప్పల స్పందన, ఊపిరి చూసి మాత్రమే తగ్గించమని అడిగాను. వైద్యురాలు నొచ్చుకోలేదు, తానూ అలాగే చేస్తానన్నారు. ఆపరేషన్ గంటా పది నిమిషాలు పట్టింది. యంత్రం మీద చక్రం ఎక్కువసేపు 1.5 దగ్గర ఉందని, రక్తపోటు ఒక్కసారి మాత్రం తగ్గి, సెలైన్ పెంచాక సర్దుకుందని రాసిచ్చారు. సాయంత్రానికి తల ఎత్తి నన్ను గుర్తుపట్టింది.

సూదులే కాపాడాయని మామయ్యగారు అంటున్నారు. లిగ్నొకైన్ వల్ల అని అబ్బాయి అంటున్నాడు. ఆ గదిలో ఒకేసారి మూడు పనులు జరిగినప్పుడు ఏది ఎంత చేసిందో నాకు తెలిసే దారి లేదు. వైద్యురాలిని అడిగితే ఆమె కూడా అదే అన్నారు, ఆ మాటకు ఆమె మీద గౌరవం పెరిగింది.

నిదానం:

చాలా సంతోషం. సూదిమొన గారూ, మీతో ఒక ప్రతిపాదన. మా విభాగంలో ఊపిరిలోని గ్యాసు కొలిచే పరికరం ఉంది. గర్భసంచి ఆపరేషన్‌కు వచ్చే ఆరోగ్యమైన కుక్కలకు, నొప్పి మందులు అన్నింటికీ సమానంగా ఇచ్చి, సూదులు, తీగలు కూడా అన్నింటికీ పెడదాము. కరెంటు మాత్రం సగం కుక్కలకే వెళ్లాలి. ఎవరికి వెళ్లాలో నాణెం నిర్ణయిస్తుంది. గ్యాసు తిప్పే మనిషికి, తరువాత నొప్పి చూసే మనిషికి ఆ సంగతి తెలియకూడదు. యజమానుల సమ్మతి, సంస్థ నైతిక సంఘం అనుమతి వచ్చాకే మొదలుపెడదాము. సూదులు ఎక్కడ, ఎంతసేపు, ఎన్ని హెర్ట్జ్ (అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు కొట్టాలి) అన్నది మీరే నిర్ణయించండి. సరిగా పెట్టలేదన్న మాట తరువాత రాకూడదు.

సూదిమొన:

ఒప్పుకుంటున్నాను. వెనుక కాలి మీద, నడుము మీద బిందువులు, 2 హెర్ట్జ్‌, 100 హెర్ట్జ్ మార్చి మార్చి, కోతకు 25 నిమిషాల ముందు నుంచి. ఫలితం నాకు వ్యతిరేకంగా వచ్చినా ఇక్కడే రాస్తాను. యంత్రం మీద గుడ్డ కప్పుదాము.

పాత పశువుల డాక్టరు:

గుడ్డ ఒక్కటే చాలదమ్మా. 2 హెర్ట్జ్ కరెంటు వెళ్తుంటే కాలి కండ సెకనుకు రెండుసార్లు అదురుతుంది. గ్యాసు తిప్పే మనిషికి యంత్రం కనబడకపోయినా ఆ కాలు కనబడుతుంది. కాళ్ల మీద కూడా దుప్పటి కప్పండి, ఆ యంత్రం టిక్కుటిక్కుమనే రకమైతే ఆ చప్పుడూ ఆపించండి.